జూలై ఒకటి, మిట్టమధ్యాహ్నం

తప్పు నాదే. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే తర్వాత జరిగిన వాటికి ఇంకెవరినీ నిందించక్కర్లేదు కాబట్టి ఒప్పేసుకుంటున్నాను.

మా రేవు వార్డు మునిసిపల్ ప్రాథమికోన్నత పాఠశాలలో నేను డ్రిల్లు మాస్టారిని. పేరు జగ్గారావు. బడికీ సముద్రానికీ మధ్య మూడు వీధులు, ఒక ఐసు ఫ్యాక్టరీ ఉన్నాయి. మా ఆటస్థలంలో సగం ఇసుక, మిగతా సగం ఎవరో ఒకరు ఆరేసిన వల. అయినా మా పిల్లలు ఫుట్‌బాల్ బాగా ఆడతారు. ఇసుకలో పరిగెత్తడం నేర్చినవాళ్లకి గట్టినేల మీద పెద్దగా ఎవరూ అడ్డురారు.

అయిదేళ్ల పిల్లాడికీ పదిహేనేళ్ల కుర్రాడికీ ఒకేలా ఆట నేర్పకూడదని నాకు ముప్పై ఏళ్లుగా ఒక పిచ్చి ఉంది. అయిదేళ్లవాడికి బంతి కుక్కపిల్ల లాంటిది. దాని వెనక పరిగెడితే చాలు. ఏడేళ్లవాడు బంతిని సొంత తమ్ముడికి కూడా ఇవ్వడు, ఇవ్వమని తిట్టడం దండగ. పదేళ్లొచ్చేసరికి పక్కన ఇంకొకడు ఉన్నాడని కనిపెడతాడు. పదమూడేళ్లకి తననెవరు చూస్తున్నారో కనిపెడతాడు, ఇక బంతి కనిపించదు. నాకు తెలిసిన శాస్త్రమంతా ఇంతే.

ఇది నాలోనే దాచుకుని ఉంటే సరిపోయేది. ఆరేళ్ల పిల్లల చేత మైదానం చుట్టూ ఎనిమిది రౌండ్లు కొట్టించే కోచ్‌లను చూసి చూసి, ఒకరోజు మండిపోయి, జిల్లా బాలల పాదబంతి వికాస మండలికి రెండు పేజీల అర్జీ రాశాను. పిల్లలకు వయసును బట్టి నేర్పాలి, దయచేసి ఆ మేరకు ఆదేశాలివ్వండి అని. మూడేళ్లు జవాబు లేదు. ఆ మూడేళ్లూ మా వార్డు ఎంత సుఖంగా ఉందో అప్పట్లో నాకు తెలియలేదు.

నాలుగో ఏడు మండలి అధ్యక్షులు విశ్వంభరం గారు పదకొండు రోజుల అధ్యయనానికి విదేశం వెళ్లి వచ్చారు. అక్కడ పిల్లలకు వయసును బట్టి నేర్పుతారట. ఆయన పరవశించిపోయారు. ఇక్కడా అలాగే చేయాలంటే ప్రజల నుంచి డిమాండు ఉండాలి కదా అని ఫైళ్లు వెతికిస్తే నా అర్జీ దొరికింది. ఆరు నెలల్లో 'వయోనుగుణ పాదబంతి శిక్షణా నియమావళి' అచ్చయి వచ్చింది. నూట నలభై ఎనిమిది పేజీలు. మొదటి పేజీలో 'అర్జీదారు: శ్రీ జగ్గారావు, డ్రిల్లు మాస్టారు' అని లావుపాటి అక్షరాల్లో వేశారు. జిల్లాలో ఉన్న కోచ్‌లందరూ ఆ పేజీ చదివారు. మిగతావి ఎంతమంది చదివారో తెలియదు గానీ, నన్ను పలకరించడం మాత్రం మానేశారు.

నియమావళి మీద మాకు ఒకరోజు శిక్షణ పెట్టారు. పాఠం చెప్పినాయన పేరు చిదంబరం గారు. మండలిలో ఆయన వయోనిర్ధారణాధికారి. సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉంటారు. ఎప్పుడూ చంకలో ఒక ఆకుపచ్చ రిజిస్టరు.

"ఆరు సంవత్సరముల లోపు పరిచయ దశ," అన్నారు చిదంబరం గారు. "శిశువునకు బంతిని పరిచయం చేయవలెను. తన్నించరాదు. ఆరు నుంచి ఎనిమిది స్వాధీన దశ. ఎవరి బంతి వారిది. ఒకరిది మరొకరిని అడగరాదు. ఎనిమిది నుంచి పది సమర్పణ దశ. బంతిని ఇతరులకు అందించడమే. గోల్ కొట్టరాదు."

వెనక వరస నుంచి ఎవరో, "మరి గోల్‌కీపరు ఏం చేస్తాడండీ?" అని అడిగారు.

"ఆ దశలో గోల్‌కీపరు ఉండడు. గోల్ అను భావనయే లేనప్పుడు దాని కాపలాదారు ఎందుకు? పది నుంచి పన్నెండు సాఫల్య దశ. గోల్ కొట్టవచ్చును. కానీ లెక్కించరాదు. లెక్క వలన లేత మనస్సుపై ఒత్తిడి కలుగును. పన్నెండు నుంచి పద్నాలుగు పరాజయ పరిచయ దశ. ఇక్కడ గోల్‌లు లెక్కింపబడును. అయితే జీవితంలో ఓటమిని తట్టుకొనుట నేర్పవలసిన వయస్సు కావున, ప్రతి మ్యాచ్‌లోనూ ఉభయ జట్లూ ఓడినట్లు ప్రకటింపబడును."

"పద్నాలుగు దాటాక?" అన్నాను నేను, ఎంతైనా అర్జీదారుణ్ని కదా అని.

"గెలవవచ్చును. ఆ అధ్యాయం ఇంకా ముద్రణలో ఉంది."

కోచ్ ఏ వయసు పిల్లలతో ఎలా మాట్లాడాలో కూడా రాశారు. ఆరేళ్లలోపు వాళ్లని కన్నా అనాలి. పన్నెండు దాటేవరకూ పేరు పెట్టి ప్రేమగా పిలవాలి. పన్నెండు దాటిన క్షణం నుంచి వ్యక్తిత్వ గౌరవార్థం మీరు, గారు అనాలి. క్షణం అన్న మాట దగ్గర నేను మళ్లీ చెయ్యెత్తాను.

"క్షణం ఏంటండీ? ఏడాదికో వయసు చొప్పున చూస్తే చాలదా?"

చిదంబరం గారు నా వైపు జాలిగా చూశారు. "వయస్సు సంవత్సరాల్లో పెరగదు మాస్టారూ. క్షణాల్లో పెరుగుతుంది. అందుకే జనన సమయం కూడా నమోదు చేస్తున్నాం. ఆస్పత్రి కాగితం ఉంటే అందులోని సమయం. లేని పక్షంలో మధ్యాహ్నం పన్నెండు గంటలుగా భావించవలెను. దినమునకు సరిగ్గా మధ్య భాగం. ఎవరికీ అన్యాయం జరగదు."

అమలు వెంటనే మొదలైంది. మొదటి తనిఖీ మా బడికే వచ్చింది, అర్జీదారు బడి ఆదర్శంగా ఉండాలని. పరిచయ దశలో ఉన్న ఒక అయిదేళ్లవాడు అధికారుల ఎదుటే బంతిని ఫెడీమని తన్నాడు. "పరిచయం అయిపోయిందండీ," అన్నాను. 'అకాల పాద ప్రయోగము' కింద నాకు మెమో ఇచ్చారు. సమర్పణ దశ పిల్లలు గంటసేపు ఒకరికొకరు బంతి ఇచ్చుకుంటూనే ఉన్నారు. ఎదురుగా ఎవరూ లేని గోల్‌పోస్టు. ఆఖరికి ఒక పిల్ల బంతిని తీసుకెళ్లి చిదంబరం గారి చేతికే సమర్పించి మంచినీళ్లకు వెళ్లిపోయింది.

మా బడిలో కవలలు ఉన్నారు, సింహాచలం, అప్పన్న. ఆస్పత్రి కాగితం ప్రకారం ఇరవై నిమిషాల తేడా. వాళ్లకి పదేళ్లు నిండిన రోజు ఆ ఇరవై నిమిషాలు అన్న గోల్ కొట్టవచ్చు, తమ్ముడు బంతి అందించడమే. చిదంబరం గారు గడియారం పట్టుకుని నిలబడ్డారు. తమ్ముడు అందించిన బంతులతో అన్న ఆ ఇరవై నిమిషాల్లో ఎన్ని కొట్టాడో నేను చెప్పకూడదు, లెక్కపెట్టడం నేరం. 'ఆదర్శ సోదర భావము' అని రిజిస్టరులో రాసుకున్నారు. అన్నదమ్ములు ఆ సాయంత్రం కళ్లు వాచేలా కొట్టుకున్నారు.

సాఫల్య దశ పిల్లలు మాత్రం లెక్క మానలేదు. ఒక్కో గోల్‌కి ఒక్కో చింతపిక్క జేబులో వేసుకునేవాళ్లు. మండలికి ఈ సంగతి తెలిసి, మ్యాచ్‌కి ముందు పిల్లల జేబులు వెతకడానికి ఒక లెక్కల నివారణ బృందాన్ని వేసింది. అప్పటినుంచి పిల్లలు పిక్కల్ని బుగ్గన పెట్టుకుని ఆడేవారు. మా జట్టులో ఒక పిల్ల మాట్లాడటానికి నోరు తెరిచిందంటే పిక్కలు రాలిపడేవి. దాని పేరు నూకరత్నం.

రత్నం గురించి చెప్పాలి. ఈ కథంతా దాని గురించే. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కాళ్లకి చెప్పులుండవు. బంతి దాని దగ్గరికి వస్తే ఇంటికొచ్చినట్టు ఆగిపోతుంది. ముప్పై ఏళ్లలో అలాంటి కాలు నేను ఇంకొకటి చూడలేదు. ఇంట్లో దాని పౌడరు డబ్బాలో రెండొందల పన్నెండు చింతపిక్కలు ఉండేవి.

ఏప్రిల్‌లో రత్నం ఏడో తరగతి పాసయింది. మా బడిలో ఎనిమిది లేదు. వాళ్లమ్మ పోలమ్మ రొయ్యల షెడ్డులో పొట్టు తీస్తుంది, పొద్దున్నే రేవులో చేపలు అమ్ముతుంది. వేళ్ల చివర్లు ఐసుకి తెల్లబడిపోయి ఉంటాయి. ఒకరోజు బడి గేటు దగ్గర నన్ను ఆపింది.

"షెడ్డు మేస్త్రీ అడుగుతున్నాడు మాస్టారూ, మా రత్నం గుంటని పంపించమని. ఈడి దగ్గర సీటు ఎప్పుడూ కాళీయే. మీరేదో ఆటల బడి అన్నారు గదా. అక్కడ కాళీ ఉంటాదేటి?"

కొండ అవతలి పట్నంలో ఆటల వసతి బడి ఒకటి ఉంది. తిండి, చదువు, ఆట అన్నీ వాళ్లవే. నేను వెంటనే నిబంధనలు తెప్పించి చూశాను. రెండే షరతులు. పన్నెండో పుట్టినరోజు సాయంత్రం అయిదు గంటల లోపు దరఖాస్తు అందాలి. అధికారిక పోటీలో కనీసం ఒక గోల్ కొట్టినట్టు మండలి ధ్రువపత్రం ఉండాలి.

ఇంకేముంది, రెండొందల పన్నెండు ఉన్నాయి కదా అనుకుని మండలి ఆఫీసుకి వెళ్లాను. చిదంబరం గారు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా ఇప్పించారు.

"పన్నెండు నిండని వారి గోల్‌లు లెక్కింపబడవు మాస్టారూ. లెక్కింపబడని గోల్‌కి ధ్రువపత్రం ఎలా ఇస్తాం?"

"పన్నెండు నిండాక లెక్కపెడతారు కదా?"

"తప్పకుండా."

"అప్పుడు బడివాళ్లు తీసుకోరు కదా?"

"అది ఆ బడి నిబంధన. ఇది మా నిబంధన. రెండూ వేర్వేరు శాఖలు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు," అన్నారు చిదంబరం గారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారని నాకు ఇప్పటికీ నమ్మకం.

నా చేత్తో రాసిన అర్జీ, నా చేత్తో నేర్పిన పిల్ల. ఒకటి వెళ్లి రెండోదాని మీద పడింది.

దారి మాకు సూర్యప్రకాశం మాస్టారు చూపించారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. మా బడికీ, దీపస్తంభం వీధి బడికీ ఆయనే హెడ్మాస్టారుగా ఉండేవారు. పిల్లల్ని బడిలో చేర్చడానికి తీసుకొచ్చే మా రేవు తల్లులకు తారీఖులు గుర్తుండవు. ఫలానా తుపానుకి ముందు అంటారు, పెద్ద సొర చేప పడ్డ వారం అంటారు. సూర్యప్రకాశం మాస్టారు అన్నీ శ్రద్ధగా విని, రిజిస్టరులో జూలై ఒకటి అని రాసేవారు. బడులు తెరిచాక కొంచెం తీరుబడిగా ఉండే రోజని ఆయన ఎంచుకున్నారు. ఆ లెక్కన మా వార్డులో మిగతా పదకొండు నెలల్లో పిల్లలు పుట్టరు.

ఏప్రిల్‌లో జరగాల్సిన సాఫల్య దశ జిల్లా పోటీల ఫైనల్‌ని మండలి వయో పరిశీలన కోసం వాయిదా వేస్తూ వేస్తూ చివరికి జూలై ఒకటిన పెట్టింది. ఉదయం పదకొండుకి మొదలు. మధ్యలో విరామంతో కలిపి పన్నెండూ పదికి ముగింపు, ఎందుకంటే పన్నెండుంబావుకి అధ్యక్షుల వారి భోజనం. ఆడేది మేమూ, దీపస్తంభం వీధి బడీ. ఆ కాగితం చూసిన రోజు నేను రెండు బడుల రిజిస్టర్లూ ముందేసుకుని కూర్చున్నాను. రెండు జట్లలో ఉన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఒకే ఏడు జూలై ఒకటినే పుట్టారు. ఒక్కరికీ ఆస్పత్రి కాగితం లేదు. అంటే మైదానంలో ఉన్నవాళ్లందరికీ మ్యాచ్ మధ్యలో, మిట్టమధ్యాహ్నం, ఒక్కసారిగా పన్నెండు నిండుతాయి. ఆ క్షణం నుంచి గోల్‌లు లెక్కలోకి వస్తాయి. ఆ రోజు సాయంత్రం అయిదింటి దాకా ఆటల బడి తలుపు తెరిచే ఉంటుంది. రత్నానికి పది నిమిషాలు దొరికాయి.

ఫారం నింపడానికి పోలమ్మని పిలిచి, ఎందుకైనా మంచిదని అడిగాను. "నిజంగా ఎప్పుడు పుట్టింది పోలమ్మా?"

"నాగులచవితికి రెండ్రోజుల ముందల. పడవలు ఒడ్డుకొచ్చే యేళ, తెల్లారగట్ల. ఆ యేడు సేపలు బాగా పడ్డాయి."

జూలై ఒకటి తెల్లారగట్ల పుట్టిందని రాస్తే మ్యాచ్ మొదలయ్యేసరికే రత్నానికి పన్నెండు నిండిపోయి ఉంటాయి. వయసు మీరిన క్రీడాకారిణి కింద గేటు దగ్గరే ఆపేస్తారు. నాగులచవితి అని రాస్తే ఇంకా నాలుగు నెలలు సాఫల్య దశలోనే ఉండి, లెక్కకి రాని గోల్‌లు కొడుతూ ఉంటుంది. సమయం గడి ఖాళీగా వదిలేశాను.

జూలై ఒకటి ఉదయం రత్నాన్ని పక్కకి పిలిచి చెప్పాను. "పన్నెండు దాకా కష్టపడకు. ఐసు ఫ్యాక్టరీ కూత వినపడేదాకా నడువు. కూత పడ్డాక ఆడు."

తల ఊపింది. మొదటి ఇరవై నిమిషాల్లో నాలుగు గోల్‌లు కొట్టింది. చిదంబరం గారు బల్ల దగ్గర కూర్చుని, లెక్క చెవిన పడకుండా రిజిస్టరు కేసి చూస్తున్నారు. విరామంలో నేను తిట్టబోతే రత్నం బుగ్గలోంచి నాలుగు పిక్కలు చేతిలోకి ఊసి, "బంతి ఒచ్చేత్తంది మాస్టారండీ, నానేటి సెయ్యను," అంది.

సరిగ్గా పన్నెండుకి ఐసు ఫ్యాక్టరీ కూత పెట్టింది. చిదంబరం గారు లేచి విజిల్ ఊదారు. "ఉభయ జట్లకూ పన్నెండు సంవత్సరములు నిండినవి. దశ మార్పు."

దశ మార్పు అంటే ఏమిటో మేమెవరం ఊహించలేదు. పన్నెండు దాటిన వారికి నాలుగో నంబరు బంతి పనికిరాదు, అయిదో నంబరు తేవాలి. తొమ్మిదిమంది చాలరు, పదకొండుమంది కావాలి. గట్టు మీద కూర్చున్న అదనపు పిల్లలకు కూడా అదే కూతకి పన్నెండు నిండాయి కాబట్టి వాళ్లు దిగారు. చిన్న గోల్‌పోస్టులు పీకి పెద్దవి పాతాలి. ఇద్దరు మనుషులు గునపాలు పట్టుకొచ్చారు. ఈలోగా విశ్వంభరం గారు మైకు అందుకున్నారు.

"బాల్యమను మొగ్గ కౌమారమను పుష్పముగా వికసించు ఈ చారిత్రాత్మక క్షణమున…" అని మొదలుపెట్టారు. నేను గడియారం చూసుకున్నాను. పన్నెండూ రెండు. పుష్పం తర్వాత నది వచ్చింది, నది తర్వాత దేశం వచ్చింది. పన్నెండూ అయిదు. గట్టు మీద పోలమ్మ నిలబడి ఉంది. షెడ్డులో పూట సెలవు పెట్టి వచ్చింది. ఆమె గడియారం కేసి చూడటం లేదు, నా మొహం కేసి చూస్తోంది. నా మొహంలో ఏముందో నాకు తెలుసు గనక నేను అటు చూడలేదు.

పన్నెండూ ఏడుకి ఆట మొదలైంది. నేను అరవబోయి, నియమం గుర్తొచ్చి, గొంతు సవరించుకున్నాను.

"నూకరత్నం గారూ, మీరు దయచేసి కుడి వైపుకి వెళ్లండి."

రత్నం పరుగు ఆపి వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్లని పుట్టాక ఎవరూ గారు అనలేదు. "మాస్టారండీ, నామీద కోపం వొచ్చిందా?" అంది ఏడుపు గొంతుతో. బంతి దాని పక్కనుంచే పోయింది. పన్నెండూ ఎనిమిది.

మెమో వస్తే వస్తుంది అనుకున్నాను. "రత్నం, కుడివైపు పోవే," అని అరిచాను. అది మొహం తుడుచుకుని పరిగెత్తింది. కొత్త బంతి పెద్దది, బరువుది, దానికి అలవాటు లేదు. ఇద్దర్ని దాటింది. మూడోవాడు అడ్డొస్తే బంతిని వాడి కాళ్ల మధ్యలోంచి పంపి తను చుట్టూ తిరిగి వెళ్లి అందుకుంది. పెద్ద గోల్‌పోస్టులో దీపస్తంభం వీధి గోల్‌కీపరు ఇంట్లో ఎవరూ లేని పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. రత్నం ఎడమ కాలితో కొట్టింది. పోస్టు కదిలింది, కానీ పడలేదు. బంతి లోపలికి వెళ్లింది.

మైదానం అంతా చిదంబరం గారి వైపు తిరిగింది. ఆయన కలం తీసి రాస్తూ, పైకి కూడా అన్నారు. "ఒకటి."

పిల్లలు రెండేళ్ల తర్వాత ఒక పెద్దమనిషి నోట లెక్క విన్నారు. రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. ఆ వెంటనే ఆట ముగిసింది. ఒకటి-సున్న తేడాతో ఉభయ జట్లూ ఓడిపోయినట్లు ప్రకటించారు.

ఒంటిగంటకి పట్నం బస్సు. మూడు గంటల ప్రయాణం. అయిదు లోపు దరఖాస్తు అందాలంటే అదే ఆఖరు బస్సు. ధ్రువపత్రం అప్పటికే టైపు చేయించి తెచ్చాను, అధ్యక్షుల వారి సంతకం ఒక్కటే తక్కువ. విశ్వంభరం గారు భోజనం బల్ల దగ్గర పెన్ను మూత తీశారు. అప్పుడు చిదంబరం గారు ఆకుపచ్చ రిజిస్టరు ఇంకో పేజీ తిప్పారు.

"క్షమించాలి సార్. తమరు సంతకం చేయడానికి వీల్లేదు."

"ఏం?"

"మండలి అధ్యక్షునికి అరవై అయిదు నిండరాదని, నిండిన క్షణమున పదవి రద్దగునని తమరే నిబంధన చేర్చారు. వెనకటి అధ్యక్షుల వారిని దింపిన సందర్భంలో. తమరి సర్వీసు రికార్డులో జనన తేదీ జూలై ఒకటి. సమయం లేదు. కావున మధ్యాహ్నం పన్నెండు."

విశ్వంభరం గారు చదివిన ఊళ్లో కూడా ఒక సూర్యప్రకాశం మాస్టారు ఉండి ఉంటాడని నాకు అప్పుడు తట్టింది.

"అయితే నువ్వే సంతకం పెట్టవయ్యా," అన్నారు విశ్వంభరం గారు నెమ్మదిగా.

"బాధ్యతల స్వీకారానికి మూడు పనిదినాలు పడుతుంది సార్. అంతవరకూ మండలికి అధ్యక్షుడు లేడు."

పన్నెండూ ఇరవై అయింది. పోలమ్మ ఎప్పుడొచ్చిందో బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. జరిగిందంతా నేను రెండు మాటల్లో చెప్పాను. ఆమె విశ్వంభరం గారి వైపు చూసింది.

"ఏ యేళ పుట్టేరో మీ యమ్మ సెప్పలేదేటి బాబూ?"

ఆ మాటకి ఆయన మొహంలోంచి అధ్యక్షుడు దిగిపోయాడు. మిగిలింది ఒక పెద్దాయన, ఎదురుగా చల్లారుతున్న పప్పన్నం.

"చెప్పేది," అన్నారు. "ఆవులు ఇంటికొచ్చే వేళకి పుట్టావురా అనేది. అందుకే మా ఇంట్లో నన్ను గోపాలం అని పిలిచేవారు. అమ్మ పోయాక ఆ పేరుతో ఎవరూ పిలవలేదు."

"ఆవులొచ్చేది సందేళకి గదా బాబూ. ఇంకా మజ్జేనమే అయింది. మీరింకా పెద్దోరు అవలేదు. సంతకం ఎట్టేయండి."

చిదంబరం గారు అడ్డుపడ్డారు. "తల్లి వాఙ్మూలం చెల్లునని నియమావళిలో లేదు."

"ఇప్పుడే చేర్చాను," అన్నారు విశ్వంభరం గారు. "నూట నలభై తొమ్మిదో పేజీ వేయించు. అధ్యక్షుడిగా నాకా అధికారం ఉంది."

ఆయన అధ్యక్షుడైతేనే ఆ నిబంధన చెల్లుతుంది, ఆ నిబంధన చెల్లితేనే ఆయన అధ్యక్షుడు. చిదంబరం గారు దీన్ని మనసులో రెండుసార్లు తిప్పి చూసుకున్నారు. ఎక్కడా నియమోల్లంఘన దొరకలేదు. ఆయన నిజాయితీపరుడు, ఒప్పుకున్నారు. కానీ అంతే నిజాయితీగా రత్నం పేజీ తెరిచారు.

"అట్లయితే ఈ బాలికకు కూడా అదే వర్తిస్తుంది. తల్లి ఇక్కడే ఉన్నారు. అమ్మా, మీ అమ్మాయి ఏ వేళ జన్మించింది? ఆలోచించి చెప్పండి. ఉదయమైతే నేటి మ్యాచ్‌లో ఆడుటకే అనర్హురాలు. సాయంత్రమైతే గోల్ లెక్కలోకి రాదు."

నేను నేల కేసి చూశాను. పడవలు ఒడ్డుకొచ్చే వేళ అని ఆమె నాతో చెప్పిన మాట నా చెవిలోనే ఉంది. పోలమ్మ అబద్ధమాడటం నేనెప్పుడూ వినలేదు. రేవులో నిన్నటి చేపని నిన్నటిదనే చెప్పి అమ్ముతుంది. చిదంబరం గారు కలం పట్టుకుని కాచుకుని ఉన్నారు. రత్నం తల్లి చీర కొంగు పట్టుకుని నిలబడింది. ఈ పిల్లని నేనిక్కడిదాకా తెచ్చి వదిలేశానే అనుకున్నాను.

పోలమ్మ తెల్లబడ్డ వేళ్లతో కూతురి జుట్టు వెనక్కి దువ్వింది.

"మిట్టమజ్జేనం బాబూ," అంది. "సూరీడు సరిగ్గా నెత్తి మీదున్నాడు. ఐసు పేట్రీ కూత కూడా ఇనిపించింది."

చిదంబరం గారు 'పన్నెండు గంటలు, తల్లి వాఙ్మూలం' అని రాసుకున్నారు. "దస్త్రంతో సరిపోయింది," అని తృప్తిగా రిజిస్టరు మూశారు. విశ్వంభరం గారు సంతకం చేసి, ఇంకు ఆరేదాకా కాగితం ఊపి, రత్నం చేతికే ఇచ్చారు. ఇస్తూ ఏదో ఉపన్యాసం మొదలుపెట్టబోయి మానుకుని, "బాగా ఆడుకోమ్మా," అన్నారు.

బస్‌స్టాండుకి ముగ్గురం పరుగులాంటి నడక నడిచాం. దారిలో పోలమ్మ కాగితం నా చేత చదివించుకుంది.

"గోల్ ఒకటి. ఫలితం, ఓటమి," అన్నాను.

"ఓడిపోతే సీటిస్తారేటి?"

"ఇస్తారు."

"మంచి బడే," అంది.

రత్నం మాకంటే రెండడుగులు ముందే ఉంది. బుగ్గలో అయిదో పిక్క ఉన్నట్టుంది. బస్సు కనిపించాక ఉండబట్టలేక అడిగింది. "అమ్మా, నాను పడవలొచ్చే యేళ పుట్టాననేదానివి గదే ఎప్పుడూ?"

పోలమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. కూతురి చెయ్యి పట్టుకుని బస్సు వైపు లాగింది.

"కాదు. ఈయాలే పుట్టేవు. పన్నెండింటికి. నడు, బస్సెలిపోద్ది."